ఎవరి బలవంతమూ లేకుండా

బాండు పేపరు మీద రాసే ఒప్పందాల్లో ఒక వాక్యం ఉంటుంది. పొలం కౌలుకిచ్చినా, జాగా అమ్మినా, ఇల్లు కట్టే పని గుత్తకిచ్చినా ఆ వాక్యం తప్పదు. "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివితో రాసి ఇచ్చినది" అన్న మాటలు కాస్త అటూ ఇటూగా చివర్లో కనిపిస్తాయి. కాగితాలు టైపు చేసేవాళ్ళ కంప్యూటర్లో ఆ వాక్యం ముందే ఉంటుంది. పేరు, భర్త పేరు, వయసు, తండా, మండలం మాత్రమే మారుతుంటాయి. అంటే సంతకం పెట్టే మనిషి కాగితం చూడకముందే, తననెవరూ బలవంతపెట్టలేదని ఆమె నోటితోనే రాసి పెట్టి ఉంటుంది.

ఈ ఒక్క వాక్యం గురించే మేము రాస్తున్నాం. మేమంటే మిర్యాలగూడ, దామరచర్ల, అడవిదేవులపల్లి వైపు తండాల్లో పుట్టి, డీఎడ్ చదివి, మళ్ళీ తండా బడుల్లోనే పాఠాలు చెప్పుకుంటున్న టీచర్లం. బడి వదిలాక మా దగ్గరికి కాగితాలు వస్తాయి. "సారూ, జర ఇది చదివి చెప్పు" అంటారు. చాలాసార్లు ఆ కాగితం మీద సంతకం అప్పటికే అయిపోయి ఉంటుంది. సంతకం అయ్యాక చదివించుకోవడం ఏమిటని పట్నం వాళ్ళు నవ్వవచ్చు. ఆ నవ్వుకు జవాబు కూడా ఇందులో వస్తుంది.

ఇల్లు కట్టే కాగితాలు ఈ మధ్య ఎందుకు పెరిగాయో ముందు చెప్పాలి. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలైంది. సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి, ఆడమనిషి పేరు మీద, 5 లక్షల సాయం. పథకం మొదట్లో చెప్పిన లెక్క ప్రకారం బేస్‌మెంటు అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్ష, స్లాబు పడ్డాక 2 లక్షలు, అంతా పూర్తయ్యాక మిగిలిన లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకోవాలి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మధ్యలో ఎవరి చేయీ ఉండకూడదన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

కానీ ఒకసారి లెక్క చూడండి. మొదటి లక్ష బేస్‌మెంటు అయ్యాకే వస్తుంది. మరి బేస్‌మెంటు దేనితో వేయాలి? గుంతలు తవ్వాలి, రాయి రావాలి, ఇసుక ట్రాక్టరు రావాలి, సిమెంటు, స్టీలు కొనాలి, మేస్త్రీకి కూలి ఇవ్వాలి. పత్తి ఏరబోయి, మిర్చి ఏరబోయి బతికే ఇంట్లో చేతిలో అంత పైకం ఎక్కడుంటుంది? మహిళా సంఘంలో అప్పు తీసుకుని మొదలుపెట్టినవాళ్ళు కొందరున్నారు. పాత అప్పు తీరని సంఘాల్లో ఆ దారి కూడా సాగదు. సరిగ్గా ఆ సందులోకి గుత్త మనిషి వస్తాడు. "నువ్వు పైసా తియ్యకు అక్కా, అంతా నేను చూసుకుంట" అంటాడు. పథకం మధ్యవర్తిని తీసేశాననుకుంది. మొదటి లక్ష ఆలస్యం మళ్ళీ అతన్ని వాకిట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది.

మా దగ్గరికి వచ్చిన ఒక కాగితంలో ఇలా ఉంది. మెటీరియల్‌తో కలిపి మొత్తం ఆరున్నర లక్షలు. బిల్లు పడిన రోజే డ్రా చేసి ఇవ్వాలి. యజమాని మధ్యలో పని ఆపితే లక్ష రూపాయల జరిమానా. పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి కట్టించేవాని దగ్గర ఉండాలి. చివర్లో ఎవరి బలవంతమూ లేదన్న ఆ వాక్యం. కట్టించేవాడు మధ్యలో ఆపితే ఏమిటో ఎక్కడా లేదు. ఎన్ని నెలల్లో పూర్తి చేయాలో లేదు. ఏ సిమెంటు, ఎంత సైజు సలాక, స్లాబు ఎంత మందం, బాత్రూము ఉందా లేదా, ఒక్క అక్షరం లేదు. ఆరున్నర లక్షల ఇంటికి ఒకటిన్నర పేజీ కాగితం. అందులో ఇల్లు లేదు, బాకీ మాత్రమే ఉంది.

ఆ తల్లిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పొద్దుగూకే వేళ నలుగురు వచ్చారు. వాళ్ళలో ఒకరు తండా మనిషే, వరసకు మరిది. "పక్కింటోళ్ళందరూ పెట్టిన్రు వదినా, నువ్వొక్కదానివే ఉన్నవ్." "రేపు ముగ్గు పొయ్యకపోతే నీ పేరు లిస్టుల నుంచి పోతది." "నమ్మకం లేదా మా మీద?" పట్నంలో చదివే కొడుకు ఫోన్లో "పెట్టు యాడీ, ఎందుకు ఆలోచిస్తవ్" అన్నాడు. చుట్టూ పిల్లలు, ముసలివాళ్ళు నిలబడి చూస్తున్నారు. చాయ్ ఆమే పెట్టి ఇచ్చింది. చాయ్ తాగిన మనుషులకు లేదని ఎట్లా చెబుతుంది?

ఇప్పుడు మా ప్రశ్న. ఇది బలవంతమా, కాదా?

కాదనేవాళ్ళ వాదన మాకు తెలుసు. చేతిలో పెన్ను పెట్టుకుని పేరు రాసింది ఆమే. ఎవరూ చేయి పట్టుకోలేదు. మొగమాటం ఆమె బలహీనత, ఎదుటివాని తప్పు కాదు. ఇలా ప్రతి ఒక్కరూ "నన్ను ఒత్తిడి చేశారు" అంటే లోకంలో ఏ ఒప్పందమూ నిలవదు.

ఈ మాట మా పెద్దలు కూడా ఇంకో రకంగా అంటారు. మన లంబాడీలది మాట మీద బతికిన జాతి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన కాలంలో మనకు బాండు పేపర్లు ఎక్కడివి? నాయక్ ముందు, కార్భారి ముందు అన్న మాటే కాగితం. అన్న మాట తప్పినవాడికి తండాలో ముఖం ఉండదు. కాబట్టి సంతకం పెట్టాక "అయ్యో, ఒత్తిడి చేసిన్రు" అనడం మన గుణం కాదంటారు.

గౌరవంగానే చెబుతున్నాం, ఈ వాదనలో ఒక సంగతి మరిచిపోతున్నారు. తండా పంచాయితీలో మాట తీసుకునే పద్ధతి వేరు. అక్కడ పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి అడుగుతారు. ఆమె తరఫున మాట్లాడే అన్నో మామో ఉంటాడు. ఒప్పుకోనంటే వాదన సాగుతుంది, పొద్దుపోతే రేపటికి పెట్టుకుంటారు. లేదనడానికి అక్కడ జాగా ఉంటుంది. అందుకే అవునన్న మాటకు బరువు ఉంటుంది. ఆ పంచాయితీలో లోపాలు లేవని మేము అనం. ఆడవాళ్ళ మాట ఎంత వినేవారో మా నాయనమ్మలను అడిగితే చెప్పేవాళ్ళు. అయినా, ఒక రాత్రి ఆలోచించుకుంటానంటే నేరంగా చూసిన పంచాయితీ మాకు తెలియదు. ఇప్పుడు వాకిట్లో జరుగుతున్నది మాట తీసుకోవడం కాదు. మనం మాట తప్పమని తెలిసి, ఆ గుణాన్నే ముందుగా తాకట్టు పెట్టించుకోవడం.

ఈ పని కొత్తదేమీ కాదు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి రోడ్డుకు కంకర సరఫరా చేసే ఒప్పందం రాయించాడు. ఒప్పుకున్నది రాజ్యధర్ కోనాయ్ అనే స్థానికుడు. సంతకం చాలదని హెర్షెల్ అతని అరచేతికి సిరా పూసి కాగితం వెనుక అద్దించాడు. ఎందుకంటే, తర్వాత ఆ సంతకం నాది కాదని అనే ఆలోచనే రాకుండా అతన్ని బెదరగొట్టడానికని హెర్షెల్ తానే రాసుకున్నాడు. ప్రపంచమంతా వాడే వేలిముద్రల చరిత్రలో ఇదొక మొదటి మెట్టు. అది మొదలైంది ఒక కట్టుబడి పని కాగితం మీద, మన దేశపు మనిషి చేతితో, భయపెట్టడం కోసం. ఈ సంగతి మన పిల్లలకు సైన్సు పాఠంలో వేలిముద్రల గురించి చెప్పేటప్పుడు చెప్పాలి.

వేలు అనగానే మనవాళ్ళకు ఏకలవ్యుడు గుర్తొస్తాడు. ఎన్నో సభల్లో విన్న కథే, అయినా ఈ ప్రశ్నతో మళ్ళీ చూడాలి. ద్రోణుడు కత్తి తీయలేదు. గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు అడిగాడు, నిషాద బాలుడు కోసి ఇచ్చాడు. కథ చెప్పేవాళ్ళు అతని గురుభక్తిని పొగుడుతారు. ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చాడు కదా! కానీ చదువు చెప్పనని పంపేసిన మనిషి, బొమ్మను పూజించే పిల్లవాని భక్తి ఎంతటిదో తెలిసి, ఆ భక్తినే పట్టుకుని అడిగాడు. ఎదుటివాడు లేదనలేడని తెలిసి అడగడంలో అన్యాయం ఉందా, లేదా? మాకైతే ఉందనే అనిపిస్తుంది. వేలు కోసుకున్నది ఏకలవ్యుడే అయినా సరే.

విచిత్రమేమంటే ఈ విషయంలో చట్టం మనకంటే ముందే మేలుకుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 13వ సెక్షను నుంచి 19వ సెక్షను దాకా ఇదే చర్చ. ఒప్పుకోవడం వేరు, స్వేచ్ఛగా ఒప్పుకోవడం వేరని అది చెబుతుంది. 15వ సెక్షను బెదిరింపు గురించి. 16వ సెక్షను దానికంటే సూక్ష్మమైనది. ఒకరి మనసు మీద పెత్తనం చేయగల స్థితిలో ఉన్నవాడు ఆ స్థితిని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే, ఆ ఒప్పుకోలు స్వేచ్ఛ కాదు. అధికారం వల్ల, నమ్మకం వల్ల, ఎదుటివారి వయసు, జబ్బు, మనోవేదన వల్ల ఆ పెత్తనం రావచ్చు. ఈ సెక్షను ముందు ద్రోణుణ్ణి నిలబెడితే ఏమి చెప్పుకునేవాడో మరి.

మద్రాసు హైకోర్టు తీర్పులు రెండు మన తెలుగు ఇళ్ళలోవే. 1889 నాటి రంగనాయకమ్మ కేసులో భర్త చనిపోయిన 13 ఏళ్ళ పిల్ల. దత్తతకు ఒప్పుకునే దాకా భర్త శవాన్ని ఇంట్లోంచి కదలనివ్వలేదు బంధువులు. ఆ పిల్ల ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. 1917 నాటి చిక్కం అమ్మిరాజు కేసులో ఒక భర్త, తన సోదరుని పేర ఆస్తి హక్కు వదులుకునే కాగితం మీద సంతకం పెట్టకపోతే చచ్చిపోతానని భార్యనూ కొడుకునూ బెదిరించాడు. వాళ్ళు పెట్టారు. అదీ బలవంతమేనని ఎక్కువమంది జడ్జీలు అన్నారు. ఈ రెండింటిలోనూ ఒత్తిడి పెట్టింది బయటివాళ్ళు కాదు, ఇంటివాళ్ళే. వరసకు మరిది అయినవాడు వచ్చి కూర్చుంటే అది బలవంతం కాకుండా పోదని చెప్పడానికి ఇవి గుర్తుపెట్టుకోవాలి.

అయితే పేదరికం సంగతేమిటి? గుత్త మనిషి మనల్ని పేదవాళ్ళను చేయలేదు. 1907లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. డబ్బు అవసరం ఎంత గట్టిగా ఉన్నా, అప్పిచ్చేవాడు మనసు మీద పెత్తనం చేశాడని దానంతట దాన్నే బట్టి అనలేమని వాళ్ళు తేల్చారు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కూడా తుఫానులో సరుకును సముద్రంలో పారేసే ఓడవాళ్ళ ఉదాహరణ చెప్పాడు. ఎవరూ మామూలుగా చేయని పని, అయినా ప్రాణాలు దక్కించుకోవడానికి తామే చేస్తారు. అందులో ఇష్టమూ ఉంది, గత్యంతరం లేకపోవడమూ ఉంది.

మేము ఈ ఉదాహరణను మన వాడపల్లి దగ్గరికి తెచ్చుకుంటాం. కృష్ణా, మూసీ కలిసే చోటు. నీళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడు పుట్టివాడు ఒడ్డునే "ఇవాళ రెండింతలు ఇస్తేనే" అంటే కోపం వస్తుంది కానీ అన్యాయమని గట్టిగా అనలేం. ఎక్కకుండా ఆగిపోవచ్చు. అదే మనిషి నది నడుమ తెడ్డు ఆపి, సగం పంట రాసిస్తేనే ఒడ్డుకు చేరుస్తానంటే? నది అతను తేలేదు, వరద అతను తేలేదు. కానీ ఆగడానికి వీల్లేని చోట అడగాలని ఎంచుకున్నది అతనే. గుడిసె పీకేసి, ముగ్గు పోసి, వానలు వచ్చే ముందు కాగితం బయటికి తీసేవాడు నది నడుమ అడుగుతున్నాడు. మొదటి రోజునే అన్ని షరతులు చెప్పి, వారం ఆగి వస్తానన్నవాడు ఒడ్డున అడుగుతున్నాడు. ఇద్దరి రేటూ ఒకటే కావచ్చు. రేటును బట్టి ఇది తేలదు. ఎప్పుడు, ఎవరి ముందు, ఎంత తొందరలో అడిగారన్నది చూడాలి.

1986లో సుప్రీంకోర్టు బ్రజోనాథ్ గంగూలీ కేసులో ఇంకో అడుగు వేసింది. బేరమాడే బలంలో పొంతనే లేని ఇద్దరి మధ్య, సంతకం పెట్టడం తప్ప వేరే దారి లేనివానితో రాయించుకున్న అన్యాయమైన షరతును అమలు చేయబోమని చెప్పింది. అది ఉద్యోగుల కేసు. కానీ ఆ మాట మన వాకిళ్ళకూ వర్తించేలా వాదించే గిరిజన వకీళ్ళు మనలో ఇంకా చాలామంది రావాలి.

యువకులు ఒకటి గమనించాలి. చట్టంలో దారి ఉందని సంతకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి ఇస్తే దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని 1881 నాటి చట్టం 20వ సెక్షను అంటుంది. ఖాళీ చెక్కు బౌన్సయితే క్రిమినల్ కేసు. అక్కడ మొగమాటం, చాయ్, మరిది వరస, ఇవేవీ జడ్జికి కనిపించవు. బాండు పేపరు కన్నా ఆ చిన్న చెక్కు ముక్క ప్రమాదం. ఒత్తిడితో చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు, కానీ అప్పటిదాకా పొందిన మేలును తిరిగి కట్టివ్వాలని కూడా కాంట్రాక్టు చట్టమే చెబుతుంది. అది న్యాయం కూడా. బేస్‌మెంటులో రాయి పేర్చిన మేస్త్రీ, తట్ట మోసిన కూలీ మనలాంటివాళ్ళే. వాళ్ళ కష్టం ఎగ్గొట్టడానికి ఈ వ్యాసం సాకు కాకూడదు. గుత్త మనుషుల్లో కూడా సిమెంటు దుకాణంలో అప్పు తెచ్చి, బిల్లు పడక తామే మునిగినవాళ్ళు ఉన్నారు. అందర్నీ దొంగలనడం మా ఉద్దేశం కాదు.

కాగితం మీద పేరు ఎంత దూరం పోతుందో మనకు తెలియనిది కాదు. 2014లో తెలంగాణ వచ్చిన కొత్తలో, అంతకు ముందటి ఇందిరమ్మ ఇళ్ళలో జరిగిన అక్రమాల మీద ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. కట్టని ఇళ్ళకు కూడా బిల్లులు ఎత్తారన్న ఆరోపణలు. కాగితాల్లో ఇల్లు ఉంది, నేల మీద లేదు. ఆ కాగితాల్లో పేర్లున్న పేదల్లో ఎందరు తాము దేనికి సంతకం పెట్టామో తెలిసి పెట్టి ఉంటారు?

ఇక మన టీచర్ల సంగతి. కాగితం కింద సాక్షుల వరుస ఉంటుంది. "సార్ సంతకం ఉంటే మంచిగుంటది" అని మన దగ్గరికి తెస్తారు. సాక్షి దేనికి సాక్షి? ఆమె చేయి కదిలిందని మాత్రమేనా? బలవంతం లేదన్న వాక్యం కింద మన పేరు పడుతోంది. ఆమె మనసులో ఏముందో మనం అడగకుండా ఆ పేరు ఎలా వేస్తాం? ఆమెను పక్కకు పిలిచి, గోర్ బోలిలో, ఆ నలుగురూ వినకుండా, "ఇందులో ఏముందో నాకు చెప్పు యాడీ" అని అడగాలి. ఆమె చెప్పగలిగితే, "వద్దనుకుంటే ఏమైతది?" అని రెండో ప్రశ్న అడగాలి. ఆ రెండో ప్రశ్నకు ఆమె కళ్ళల్లో భయం కనిపిస్తే ఆ రోజు సాక్షి సంతకం లేదు. గుత్త మనిషికి కోపం వస్తుంది. సర్పంచు మనతో నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. అదే సర్పంచుతో బడి ప్రహరీ గోడ పని ఉంటుంది. ఇది తేలిక కాదని తెలిసే రాస్తున్నాం.

చదువుకున్న మన తమ్ముళ్ళు కొందరు ఇంకో అభ్యంతరం చెబుతారు. "గిరిజనులకు లోకం తెలియదు, కాబట్టి వాళ్ళ సంతకం చెల్లదు అనడం మనల్ని చిన్నపిల్లలను చేయడం కాదా?" ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. ఏజెన్సీలో ఉన్న 1/70 చట్టం గురించి కూడా ఇదే అంటారు. అక్కడ గిరిజనుడు తన భూమిని గిరిజనేతరునికి అమ్మలేడు. మైదానంలో ఉన్న మన మిర్యాలగూడకు ఆ చట్టం లేదు. మా అభిప్రాయంలో 1/70 గిరిజనుని తెలివిని శంకించలేదు. లేదనడానికి వీల్లేని చోట పెన్ను పెట్టకూడదని చెప్పింది. ఒత్తిడికి లొంగేది గిరిజనులు మాత్రమే కాదని రంగనాయకమ్మ కేసు చూస్తేనే తెలుస్తుంది కదా. తెలివి ఉన్న మనిషికి కూడా ఒక రాత్రి కావాలి, ఒక తోడు కావాలి.

ఆ తోడు ఖర్చు లేకుండా దొరుకుతుందని చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం గిరిజనులకు, ఆడవాళ్ళకు, ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. నల్గొండలో జిల్లా సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. బడి గోడ మీద ఎక్కాల పక్కన ఈ నంబరు రాయించవచ్చు.

మా కొన్ని తండాల్లో ఈ మధ్య ఒక మాట అలవాటవుతోంది. కాగితం తెచ్చినవాళ్ళతో "ఇక్కడ పెట్టి పోండి, మూడు రాత్రులు మా ఇంట్ల ఉండాలె" అంటున్నారు. వయోజన విద్య రాత్రి బడుల రోజుల్లో అక్షరాలు దిద్దిన ఒక తల్లి అలాగే అన్నది. నలుగురూ నవ్వారు. మరిది అలిగి లేచిపోయాడు. గుత్త మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకుని పక్క తండాకు పోయాడు, తిరిగి రాలేదు. ఆమె సంఘంలో అప్పు తీసుకుని, మేస్త్రీని రోజు కూలికి పెట్టుకుని, బేస్‌మెంటు దాకా వేయించింది. పక్కిళ్ళకు స్లాబులు పడ్డాయి. ఆమె ఇల్లు ఇంకా గోడల దగ్గరే ఉంది. ఈ వానలకు కూడా పిల్లలతో రేకుల కిందనే పడుకుంటోంది. పాసుబుక్కు మాత్రం ఆమె పెట్టెలోనే ఉంది.